మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఎంపిక: ఆర్మ్ నుంచి ముల్లు కొన దాకా నా అనుభవం

రికార్డ్ ప్లేయర్‌కి కొత్త కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకుని, దాని కదలికను సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె) కొనాలనగానే ఎవరైనా ముందు అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. నేను ఆ ప్రశ్నను చివరికి నెట్టేశాను. నా టోన్‌ఆర్మ్‌కి (కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి) ఏ కార్ట్రిడ్జ్ నప్పుతుంది, దాని చిన్న సిగ్నల్‌ను పెంచే నా ఫోనో ప్రీఆంప్‌తో ఏది కుదురుతుంది, నా దగ్గరున్న రికార్డులకు ముల్లు కొన ఏ ఆకారంలో ఉండాలి అన్న మూడు సంగతులూ తేల్చుకున్నాక పోటీలో మిగిలినవి నాలుగే. ఆ నాలుగింటిలోంచి ఒకటి తీసుకోవడానికి పెద్దగా కష్టపడలేదు. ఈ మూడింటిలో నా తూకం ఎక్కువగా ముల్లు కొన వైపే ఉంది. కార్ట్రిడ్జ్‌కి పెట్టే డబ్బులో సింహభాగం అక్కడికే వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం.

నాది టెక్నిక్స్ ఎస్ఎల్-1200 మార్క్ 2 టర్న్‌టేబుల్. హెడ్‌షెల్ (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్ బిగించే భాగం) విప్పి మార్చుకోవచ్చు, కౌంటర్ వెయిట్ (ఆర్మ్ వెనక ఉండే తూకపు బరువు) ఉంది, ఆర్మ్ ఎత్తు సర్దుకోవచ్చు. కార్ట్రిడ్జ్ మార్చాలంటే ఇలాంటి వసతి ఉండాలి. సూట్‌కేసు రకం చవక ప్లేయర్లలో ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జ్. దాని ఆర్మ్‌కి కౌంటర్ వెయిట్ ఉండదు, లోపలి ఆంప్లిఫయర్ కూడా సెరామిక్ ఇచ్చే పెద్ద సిగ్నల్‌కి తగ్గట్టే కట్టి ఉంటుంది. దానికి మూవింగ్ మాగ్నెట్ తగిలించే ప్రయత్నం మానుకుని, ఆ డబ్బు మంచి టర్న్‌టేబుల్ కోసం దాచుకోండి. ఇంకో సంగతి: కార్ట్రిడ్జ్ బిగించే పద్ధతులు రెండున్నాయి. రెండు స్క్రూల మధ్య 12.7 మి.మీ. దూరం ఉండేది మామూలు రకం. వెనక నాలుగు పిన్నులతో నేరుగా ఆర్మ్‌లోకి దూరి, పక్కనుంచి ఒకే స్క్రూ పడేది పీ-మౌంట్. ఒకదాని చోట ఇంకోటి ఆర్డర్ పెడితే పెట్టె వెనక్కి పంపడమే.

మొదటి లెక్క ఆర్మ్‌ది. ఆర్మ్ బరువు, కార్ట్రిడ్జ్ బరువు కలిసి ముల్లును పట్టుకున్న రబ్బరు మీద ఊగుతాయి. ఆ ఊపుకి ఒక సహజ ఫ్రీక్వెన్సీ ఉంటుంది. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. అంతకంటే దిగితే వంగిన రికార్డు ఎగుడుదిగుళ్లకీ, గదిలో ఎవరైనా నడిచిన అదురుకీ ఆర్మ్ ఊగిపోతుంది, స్పీకర్ ఊఫర్ శబ్దం లేకుండా ముందుకీ వెనక్కీ ఆడుతుంది. బాగా పైకి పోతే పాటలోని లోతైన బాస్‌ని తాకుతుంది. లెక్క సులువే: మొత్తం బరువును గ్రాముల్లో, కంప్లయన్స్‌ను (ఆ రబ్బరు ఎంత మెత్తగా వంగుతుందో చెప్పే అంకె) మిల్లీన్యూటన్‌కి మైక్రాన్లలో తీసుకుని రెంటినీ గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగించాలి.

నా ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ఊగేటప్పుడు ముల్లు దగ్గర లెక్కకొచ్చే ఆర్మ్ బరువు) హెడ్‌షెల్‌తో కలిపి 12 గ్రాములు. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ బరువు 7.2 గ్రాములు. స్క్రూలు, వైర్లు కలుపుకుంటే మొత్తం 20. దాని కంప్లయన్స్ 20. గుణిస్తే 400, వర్గమూలం 20, అంటే 8 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. పనికొస్తుంది గానీ సరిగ్గా గట్టు మీద ఉంది. అదే కార్ట్రిడ్జ్‌ను 20 గ్రాముల బరువైన పాతకాలపు ఆర్మ్‌కి బిగిస్తే 6.7 హెర్ట్జ్‌కి పడిపోతుంది. ఆ జోడీ వద్దు.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ని 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి రాస్తాయి, యూరప్ కంపెనీలు 10 హెర్ట్జ్ దగ్గర కొలుస్తాయి. ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఎంఎల్ కాగితం మీద 10 అని ఉంటుంది. దాన్ని అలాగే లెక్కలో పెడితే జవాబు తప్పుతుంది. 100 హెర్ట్జ్ అంకెను ఒకటిన్నర నుంచి రెండింతలు చేసుకోవాలి, అంటే 15 నుంచి 20. కార్ట్రిడ్జ్ 6.1 గ్రాములు, స్క్రూలు ఒక గ్రాము, ఆర్మ్ 12, మొత్తం 19.1. జవాబు 8.1 నుంచి 9.4 హెర్ట్జ్ మధ్య వచ్చింది. నాకు కావలసినంత చోటు దొరికింది.

రెండో లెక్క కరెంటుది. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం ముల్లు కాడకి అంటుకుని ఉంటుంది, తీగ చుట్టలు ఒంట్లో కదలకుండా ఉంటాయి. ఆ చుట్టలకు ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఎక్కువ. కేబుల్‌కీ ప్రీఆంప్‌కీ ఉన్న కెపాసిటెన్స్‌తో (విద్యుత్తును కాస్త నిల్వ చేసే గుణం) అది కలిసి పై స్వరాల్లో ఒక గుట్ట లేపుతుంది. దాని కింద స్వరాలు కొంచెం ఉబ్బుతాయి, దాని పైన గబుక్కున పడిపోతాయి. 47 కిలో ఓముల లోడ్ అన్ని ప్రీఆంప్‌లలో ఉండేదే కాబట్టి దాని గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. తేడా తెచ్చేది కెపాసిటెన్స్.

వీఎం95 వరుస ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు. కంపెనీ చెప్పే లోడ్ 100 నుంచి 200 పీకోఫారడ్లు. మొత్తం 200 ఉంటే ఆ గుట్ట సుమారు 15 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, దాదాపు ఇబ్బంది లేదు. అదే 400 అయితే 10.7 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. అప్పుడు తాళాలు, సకారాలు గుచ్చుకుంటాయి, ఆ పైన ఉండాల్సిన గాలి లాంటి తేలికదనం మాయమవుతుంది. "ఆడియో-టెక్నికా అంటేనే గరుకు" అనే మాటలో సగం ఈ కెపాసిటెన్స్ పుణ్యమే. 2ఎం రెడ్‌కి ఇండక్టెన్స్ 700 మిల్లీహెన్రీలు, సిఫారసు 150 నుంచి 300 పీకోఫారడ్లు. అంటే పొడుగు కేబుల్, ఎక్కువ కెపాసిటెన్స్ ఉన్న ఆంప్లిఫయర్ ఇంట్లో ఇప్పటికే ఉంటే దాంతో రెడ్డే సర్దుకుంటుంది.

మీ ఇంట్లో ఎంతుందో కొలవడానికి కెపాసిటెన్స్ మీట ఉన్న మల్టీమీటర్ చాలు. హెడ్‌షెల్ తీసేసి, ఆర్‌సీఏ ప్లగ్గులను ప్రీఆంప్ నుంచి పీకి, ఒక్కో ప్లగ్గు మధ్య పిన్నుకీ బయటి రింగుకీ మధ్య కొలవండి. ఆర్మ్ లోపలి వైరు, కేబుల్ రెండూ కలిసి వస్తాయి. దానికి ప్రీఆంప్ పుస్తకంలో రాసిన ఇన్‌పుట్ కెపాసిటెన్స్ కలపండి. మామూలు కేబుల్ మీటరుకు 50 నుంచి 100 పైచిలుకు పీకోఫారడ్లు ఉంటుంది, ప్రీఆంప్‌లలో 100 నుంచి 220 దాకా కనిపిస్తుంది. టర్న్‌టేబుల్‌లోనే ప్రీఆంప్ ఉండి అది వైరు దారిలో అడ్డంగా ఉంటే ఈ కొలత చెల్లదు.

మొత్తం ఎక్కువ వస్తే ప్రీఆంప్ అడుగున ఉండే చిన్న స్విచ్చులతో తగ్గించండి, లేదా కేబుల్ పొట్టి చేయండి. తక్కువైతే చిన్న కెపాసిటర్ కలపొచ్చు. తీసేయడం కంటే కలపడమే తేలిక కాబట్టి తక్కువ కెపాసిటెన్స్ ఉన్న ప్రీఆంప్‌కే నా ఓటు.

ఇక ముల్లు కొన. ఇక్కడ తొందరపడకూడదు, ఎందుకంటే పాట నాణ్యత ఎక్కువగా తేలేది ఇక్కడే.

12 అంగుళాల ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, కానీ ముల్లు కింద గాడి పరుగెత్తే వేగం బయట అంచు దగ్గర ఒకటి, లేబుల్ దగ్గర ఇంకొకటి. అంచు దగ్గర, అంటే 146 మి.మీ. వ్యాసార్ధంలో, సెకనుకు 51 సెంటీమీటర్లు. లేబుల్ దగ్గర 60 మి.మీ.లో 21 సెంటీమీటర్లే. కాబట్టి 10 కిలోహెర్ట్జ్ శబ్దంలో ఒక్కో అల అంచు దగ్గర 51 మైక్రాన్ల పొడవు ఉంటే, చివరి పాటకొచ్చేసరికి 21 మైక్రాన్లకి నలిగిపోతుంది. సగం అల 10 మైక్రాన్లే. కోనికల్ ముల్లు కొన గుండ్రం, వ్యాసార్ధం 0.6 మిల్, అంటే 15 మైక్రాన్లు. ఆ కొన ఆ సందులోకి దిగలేదు, అలల నెత్తి మీద దొర్లుకుంటూ పోతుంది. రికార్డు చివరి పాటలో గాయని "స", "శ", "చ" పలికినప్పుడల్లా ఉమ్మి తుంపర లాంటి గరగర వినిపించడానికి మొదటి కారణం ఇదే.

ఎలిప్టికల్ ముల్లుకి గాడి గోడను తాకే పక్క వ్యాసార్ధం తక్కువ. వీఎం95ఈ లో 0.3 మిల్, అంటే 7.6 మైక్రాన్లు. 2ఎం రెడ్, దాని పై రకమైన 2ఎం బ్లూ రెండిటిలోనూ 8 మైక్రాన్లు. మైక్రోలీనియర్‌లో, అంటే వీఎం95ఎంఎల్‌లో, అది 0.12 మిల్, సుమారు 3 మైక్రాన్లు. పక్కకి ఇంత సన్నగా ఉంటూనే గాడి గోడ వెంబడి పైనుంచి కిందికి పొడుగ్గా తాకుతుంది. దీంతో రెండు మేళ్లు. ఒకటి, చివరి పాట కూడా మొదటి పాట లాగే నిలకడగా వినిపిస్తుంది. రెండు, భారం పొడవాటి గీత మీద పంచుకోవడంతో అరుగుదల తగ్గుతుంది. ముల్లు ఆయుష్షు గురించి ఆడియో-టెక్నికా చెప్పే గంటలు: కోనికల్ 500, ఎలిప్టికల్ 300, షిబాటా (సన్నటి కొనల్లో ఇంకో ఆకారం) 800, మైక్రోలీనియర్ 1000. ఎలిప్టికల్ కోనికల్ కంటే ముందే అరిగిపోతుందని చూసి ఆశ్చర్యపోకండి. తాకే చోటు చిన్నది, దాని మీదే మొత్తం ఒత్తిడి. ఒక ఎల్పీ రెండు వైపులా కలిపి 40 నిమిషాలనుకుంటే 300 గంటలంటే 450 రికార్డులు, 1000 గంటలంటే 1500. కొనేరోజు ధరను ఈ గంటలతో భాగించి చూస్తే మైక్రోలీనియర్ కాగితం మీద కనిపించినంత ఖరీదైనదిగా అనిపించదు.

మన ఇళ్లలో ఉండే రికార్డులకు దీని వల్ల ఇంకో లాభం ఉంది. పాత తెలుగు సినిమా ఎల్పీలు, 45 వేగం ఈపీలు చాలావరకు హెచ్ఎంవీ ఫియెస్టా లాంటి ప్లేయర్ల మీద, బరువైన క్రిస్టల్, సెరామిక్ ముళ్లతో ఏళ్ల తరబడి తిరిగినవే. ఆ గుండ్రటి ముళ్లు గాడి గోడను ఒకే ఎత్తులో, ఒకే చార మీద అరగదీశాయి. ఎలిప్టికల్ కూడా ఇంచుమించు అదే చార మీద కూర్చుంటుంది. మైక్రోలీనియర్ ఆ చార పైనా కిందా ఎవరూ తాకని గోడను కూడా చదువుతుంది. తెగిపోయిన గాడిని ఏ ముల్లూ బాగు చేయలేదు. కానీ "ఇది అరిగిపోయింది" అని పక్కన పడేసిన రికార్డుల్లో కొన్ని దీనితో చక్కగా పలికాయి.

కానీ గాడి అడుగున పేరుకున్న మడ్డి కూడా ఇదే ముల్లుకు దొరుకుతుంది. కోస్తా ఊళ్ల చెమ్మలో నిల్వ ఉన్న రికార్డులకు బూజు పడుతుంది. పైపైన గుడ్డతో తుడిస్తే కోనికల్‌తో వినిపించని చిటపటలు మైక్రోలీనియర్‌తో బయటపడతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో తడి కడుగుడు తప్పనిసరి.

చివరికి బల్ల మీద మిగిలినవి నాలుగు: 2ఎం రెడ్, వీఎం95ఈ, వీఎం95ఎంఎల్, నాగయోకా ఎంపీ-110. నాగయోకా నిజానికి మూవింగ్ మాగ్నెట్ కాదు, అయస్కాంతానికి బదులు పర్మలాయ్ అనే మిశ్రమ లోహం కదిలే రకం, కాని మూవింగ్ మాగ్నెట్ ఇన్‌పుట్‌కే తగిలిస్తారు. నిండైన మధ్య స్వరాలు కోరుకునేవాళ్లకి అది బాగుంటుంది, కొన మాత్రం ఎలిప్టికలే. 2ఎం రెడ్‌లో వజ్రం లోహపు పీట మీద అంటించినది, బ్లూలో పూర్తి వజ్రం. రెడ్ ఒంటికి బ్లూ ముల్లు తొడగొచ్చు, అది దాని గొప్ప సౌకర్యం. వీఎం95 వరుసలో ఆరు రకాల ముళ్లూ ఒకే ఒంటికి పడతాయి: కోనికల్ సీ, ఎలిప్టికల్ ఈ, పూర్తి వజ్రపు ఎలిప్టికల్ ఈఎన్, మైక్రోలీనియర్ ఎంఎల్, షిబాటా ఎస్‌హెచ్, 78 వేగం రికార్డులకు ఎస్‌పీ. డబ్బు కొన మీద పెట్టి, ఒంటిని అలాగే ఉంచుకోవడానికి ఇంతకంటే తేలిక దారి నాకు కనపడలేదు. ఎంఎల్ తీసుకున్నాను. షూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ ఆపేసింది. ఆ తర్వాత "కొత్త షూర్ ముల్లు" అని అమ్మేవాటిలో నకిలీలు ఎక్కువ కాబట్టి అటు వెళ్లలేదు.

పోల్చి వినేటప్పుడు ఒక జాగ్రత్త. రెడ్ ఇచ్చేది 5.5 మిల్లీవోల్టులు, ఎంఎల్ ఇచ్చేది 3.5. తేడా దాదాపు 4 డెసిబెళ్లు. వాల్యూం సరిచేయకుండా వింటే గట్టిగా మోగేదే మంచిదని చెవి తీర్పిచ్చేస్తుంది. 40 డెసిబెళ్ల గెయిన్ (సిగ్నల్‌ను పెంచే కొలత) ఉన్న ప్రీఆంప్‌కి రెండూ సరిపోతాయి.

బిగించడం దగ్గరికొద్దాం. హెడ్‌షెల్‌ను ఆర్మ్ నుంచి విప్పి, తెల్లటి కాగితం పరిచి దాని మీద పని చేయాలి. వీఎం95 ఒంట్లోనే మర ఉంది, కింద నట్టు పట్టుకునే తిప్పలు లేవు. ముందుగా ముల్లు భాగాన్ని ముందుకు లాగి తీసేసి పక్కన భద్రంగా పెట్టండి. అయస్కాంతం దాంట్లోనే ఉంటుంది కాబట్టి, అది ఉండగా స్టీల్ స్క్రూడ్రైవర్ దగ్గరకొస్తే చటుక్కున లాక్కుంటుంది. ఒక్క తగులు చాలు, ముల్లు కాడ వంగిపోవడానికి. వైర్లు నాలుగు: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. సన్నమూతి పట్టకారుతో వైరు కొస గొట్టాన్ని పట్టుకుని తోయాలి, వైరు పట్టుకుని లాగకూడదు. వదులైతే పిన్ను మీద కాకుండా బయట ఆ గొట్టాన్ని కాస్త నొక్కి తొడగండి. బిగుతైతే టూత్‌పిక్ దూర్చి వెడల్పు చేయండి. పిన్నుల మీద సోల్డరింగ్ మాత్రం వద్దు. ఆ వేడి లోపలి వెంట్రుక లాంటి తీగను తెంపేస్తుంది.

తర్వాత ముల్లు తొడిగి, కాపు పెట్టి, స్క్రూలు కదిలేంత వదులుగా ఉంచి స్థానం సర్దుకోవాలి. టెక్నిక్స్ కొలత తేలిక: హెడ్‌షెల్ వెనక రబ్బరు వాషర్ నుంచి ముల్లు కొన దాకా 52 మి.మీ. దీంతో ఓవర్‌హాంగ్ (టర్న్‌టేబుల్ మధ్య కడ్డీని దాటి ముల్లు ముందుకొచ్చే దూరం) 15 మి.మీ. వస్తుంది. ఆ అమరికలో ముల్లు కాడ గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండే చోట్లు రెండు: 58.8 మి.మీ., 113.5 మి.మీ. మొదటిది లేబుల్ పక్కనే ఉంది. రికార్డు మీద ఎక్కడా వక్రీకరణ మరీ పెరగకుండా దాని గరిష్ఠ స్థాయిని తగ్గించే బేర్‌వాల్డ్ అమరికకి ఆ చోట్లు 66, 120.9. దానికి కార్ట్రిడ్జ్‌ని దాదాపు 3 మి.మీ. ముందుకు జరిపి కాస్త మెలితిప్పాలి. మన ఎల్పీల్లో చివరి పాట లేబుల్‌ను ఆనుకునేదాకా సాగుతుంది కాబట్టి నేను కంపెనీ కొలతే ఉంచాను. ప్రింటు తీసిన ప్రొట్రాక్టర్ (ఈ స్థానం సరిచూసే గీతల కాగితం) వాడేవాళ్లు అందులోని 100 మి.మీ. గీతను స్కేలుతో కొలిచి చూసుకోండి. ప్రింటర్ ఒకటి రెండు శాతం కుదించిందంటే మిగతా కష్టమంతా వృథా.

ముల్లు రికార్డు మీద మోపాల్సిన బరువు 2 గ్రాములు. అనుమతించే పరిధి 1.8 నుంచి 2.2. ఆంటీస్కేట్ (ఆర్మ్ లోపలికి లాగడాన్ని అడ్డుకునే సర్దుబాటు) సున్నాలో పెట్టి, ఆర్మ్ గాలిలో అడ్డంగా తేలేదాకా కౌంటర్ వెయిట్ తిప్పి, డయల్‌ను సున్నాకి తెచ్చి, ఆ పైన 2 దాకా తిప్పాలి. డయల్‌ను నమ్మి వదిలేయకుండా 0.01 గ్రాము చూపే డిజిటల్ తూకంతో సరిచూడండి. తూకం పళ్లెం ఇనుముది కాకూడదు, అయస్కాంతం దాన్ని లాగి తప్పు అంకె చూపిస్తుంది. పళ్లెం ఎత్తు కూడా రికార్డు ఎత్తులోనే ఉండాలి. రికార్డు అరుగుతుందేమోనని 1.5 గ్రాములకు తగ్గించేవాళ్లున్నారు. అది తలకిందుల లెక్క. తేలికైన ముల్లు గోడను వదిలి ఎగిరి మళ్లీ వచ్చి పడుతుంది, ఆ దెబ్బకే గాడి చెడుతుంది. మన ఎండాకాలంలో రబ్బరు మెత్తబడుతుంది, చలికాలం ఉదయాల్లో బిగుసుకుంటుంది. చలిలో గరగర వస్తే బరువును 2.1కి పెంచి చూడండి.

ఆంటీస్కేట్ ముల్లు బరువుకి సమానంగా మొదలుపెట్టి చెవితో సరిదిద్దుకోవాలి. ఆర్మ్ సహజంగా లోపలికి లాగుతుంది, దాంతో లోపలి గోడ, అంటే ఎడమ చానల్, గట్టిగా నొక్కుకుంటుంది. కుడి స్పీకర్లో ముందుగా సకారాలు చిరిగితే ఆంటీస్కేట్ చాల్లేదని అర్థం. ఎడమలో చిరిగితే ఎక్కువైంది. రెండిట్లోనూ సమానంగా వస్తే ఆంటీస్కేట్ వదిలేసి బరువు, స్థానం, మురికి చూసుకోండి.

ఆర్మ్ ఎత్తు మైక్రోలీనియర్‌కి కోనికల్ కంటే ముఖ్యం. రికార్డు మీద ముల్లు దించి, పక్కనుంచి కళ్లు ఆ ఎత్తుకి తెచ్చి, ఆర్మ్ గొట్టం రికార్డుకి సమాంతరంగా ఉండేట్టు ఎత్తు రింగు తిప్పాలి. తిప్పేముందు ఆర్మ్‌ను స్టాండు మీద పెట్టండి. ఎదురుగా చూసినప్పుడు కార్ట్రిడ్జ్ నిటారుగా ఉండాలి. ముల్లు కింద చిన్న అద్దం ముక్క పెడితే ముల్లు, దాని నీడ ఒకే గీతలో ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. ఒరిగితే ఒక చానల్ రెండోదాంట్లోకి కలుస్తుంది.

అన్నీ అయ్యాక బుర్రుమని 50 హెర్ట్జ్ హమ్ వస్తే కార్ట్రిడ్జ్‌ని తిట్టే ముందు టర్న్‌టేబుల్ గ్రౌండ్ వైరు ప్రీఆంప్ స్క్రూకి గట్టిగా బిగిసిందో లేదో చూడండి. చాలా ఇళ్లలో మూడో పిన్ను సాకెట్‌లో ఉన్నా గోడ వెనక ఎర్తింగ్ ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోవడం మంచిది. ఒకే చానల్‌లో హమ్ ఉంటే హెడ్‌షెల్‌లో వైరు వదులైందన్నమాట.

కొత్త ముల్లు మొదటి ఇరవై ముప్పై గంటల్లో కొద్దిగా సర్దుకుంటుంది. ఆ తర్వాత బరువు, ఎత్తు మళ్లీ ఒకసారి కొలవాలి. ప్రతి వైపు అయ్యాక పొడి బ్రష్‌తో వెనకనుంచి ముందుకే తుడవాలి, పక్కకు గానీ వెనక్కి గానీ వద్దు. గంటలు కాగితం మీద రాసుకుంటే అరుగుదల గురించి ఊహించనక్కర్లేదు.

ఘంటసాల కాలం పద్యాల 78 ప్లేట్లు ఇంట్లో ఉంటే వాటికి ఎంఎల్ ముల్లు పెట్టకండి. ఆ గాడి వెడల్పు, ఈ కొన దాని అడుగున పడి బురదలో దేకుతుంది. 3 మిల్ గుండ్రటి ఎస్‌పీ ముల్లు విడిగా కొని అదే ఒంటికి తొడిగి, దానికి తగ్గ బరువు మళ్లీ కొలిచి పెట్టుకోవాలి. టర్న్‌టేబుల్‌కి 78 వేగం ఉందో లేదో ముందే చూసుకోండి, నా మార్క్ 2కి లేదు. ఆంప్లిఫయర్‌లో మోనో మీట ఉంటే నొక్కండి, గాడిలో పైకీ కిందికీ వచ్చే రొద చాలావరకు రద్దవుతుంది. ఆ ప్లేట్లు లక్కవి. వాటిని స్పిరిట్‌తో గానీ ఆల్కహాల్ కలిపిన ద్రవంతో గానీ తుడిస్తే గాడి కరిగిపోతుంది. నీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టాలి.